బండి స్టార్టు కాలేదంటే బ్యాటరీదే తప్పా?

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబర్ 17న సుప్రీంకోర్టు నకారా కేసులో ఇచ్చిన తీర్పును తలచుకొని ఏటా మనం ఈ రోజున కలుస్తున్నాం. పెన్షన్ అనేది సర్కారు దయతో ఇచ్చేది కాదు, మన హక్కు అని ఆ తీర్పు చెప్పింది. దాని గురించి నాకంటే బాగా తెలిసిన పెద్దలు మాట్లాడారు. నాకు తెలిసింది బండ్లు. 1969లో ఐ.టి.ఐ. సర్టిఫికెట్టు పట్టుకొని హెల్పర్‌గా చేరి, 2005లో రిటైరయ్యేదాకా బుల్డోజర్లకూ, టిప్పర్లకూ, జనరేటర్లకూ కరెంటు పని చూసినవాణ్ణి. మన కార్యదర్శిగారు "మీ సర్వీసులో మరచిపోలేని ఒక సంగతి చెప్పండి" అన్నారు. మరచిపోలేనిది ఒకటుంది. అది నాకు గొప్ప తెచ్చే సంగతి కాదు. అయినా చెప్తాను. ఆ సంగతిలో రెండో మనిషి ఇదే హాలులో మూడో వరుసలో కూర్చున్నారు. పేరు చెప్పవద్దనే షరతు మీద ఒప్పుకున్నారు.

ముందు రెండు మాటలు ఆడవాళ్లకూ పిల్లలకూ అర్థమయ్యేలా చెప్పాలి. డీజిల్ ఇంజనుకు పెట్రోలు బండి మాదిరి నిప్పురవ్వ అక్కరలేదు. గాలిని గట్టిగా నొక్కితే అది వేడెక్కుతుంది, ఆ వేడి గాలిలోకి డీజిల్ చిమ్మితే తానే అంటుకుంటుంది. మా కాలపు ఇంజన్లు ఒకసారి నడిచాయంటే బ్యాటరీ ఊడదీసినా నడిచేవి. అందుచేత కరెంటు జబ్బు ఏదున్నా బయటపడేది తెల్లవారి సెల్ఫు కొట్టేటప్పుడే. మిగతా రోజంతా బండి బాగానే ఉంటుంది, జబ్బు లోపల దాగి ఉంటుంది. నేను చేరిన కొత్తలో పాత కాటర్‌పిల్లర్ డి8 బండ్లుండేవి. వాటిలో పెద్ద ఇంజన్ను తిప్పడానికి పక్కన ఒక చిన్న పెట్రోలు ఇంజను ఉండేది. దానితో పడ్డ తిప్పలు వేరే కథ. తరువాత వచ్చిన బండ్లన్నీ 24 వోల్టులవి. రెండు 12 వోల్టుల బ్యాటరీలు ఒకదాని వెనుక ఒకటి కలిపి, సెల్ఫ్ మోటారుతో తిప్పేవి.

నా తండ్రి నాగార్జునసాగర్‌లో రాళ్లు మోశాడు. 1955 డిసెంబర్ 10న నెహ్రూగారు పునాదిరాయి వేసిన ఆ డ్యాము 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీళ్లు వదిలేదాకా, పాలమూరు, నల్లగొండ జనం తలల మీద, భుజాల మీద లేచింది. మా నాయన చేతులు చూసి నేను యంత్రాల దిక్కు పోయాను. అందుకే యంత్రం ఆగిందంటే నాకు మనసొప్పదు. వంద మంది మోయవలసిన మట్టి అక్కడ ఆగిపోతుంది.

ఇక అసలు సంగతి. 1985, 86 సంవత్సరాలు. పాలమూరు జిల్లాలో ఒక మట్టికట్ట పని. నేను అప్పుడు గ్రేడ్-1 ఎలక్ట్రీషియన్ని, సైటు వర్క్‌షాపుకు కరెంటు విషయాల్లో నా మాటే చివరి మాట. మా దగ్గరున్న బుల్డోజర్లలో ఒకటి మొండికేసింది. తెల్లవారి సెల్ఫు కొడితే "టక్" మంటుంది, ఊరుకుంటుంది. మళ్లీ కొడితే "టక్ టక్ టక్". పది సార్లు కొడితే ఒకసారి మూలుగుతూ తిరిగి అంటుకునేది. టిప్పరు అయితే ఉతారులో నిలిపి, పొద్దున బ్రేకు వదిలి గేరులో వేస్తే నడుస్తుంది. బుల్డోజరుకు ఆ దారి లేదు. అందుకని డ్రైవర్లు అన్నాలకు పోయినప్పుడు కూడా ఇంజను ఆర్పేవాళ్లు కాదు. గంటకు మూడు నాలుగు లీటర్ల డీజిల్ ఊరికే కాలిపోయేది. ఆడిటు వాళ్లు లాగ్ బుక్కు చూసి ప్రశ్న వేశారు.

నేను మీటరు పెట్టి చూశాను. 24 చూపింది. 24 వోల్టుల బ్యాటరీ కదా, 24 ఉంటే చాలనుకున్నాను. అది మొదటి తప్పు. నిండుగా చార్జి అయిన జత, పని లేకుండా నిలిచినప్పుడు 25కు పైగా చూపాలి. 24 అంటే సగం కడుపుతో ఉన్నట్టే. పైగా పని లేనప్పుడు చూసిన వోల్టేజికి విలువ తక్కువ. ఇంట్లో కూర్చున్నవాడి బలం ఎంతో చూడాలంటే మూట నెత్తిన పెట్టి చూడాలి గదా.

బ్యాటరీలు మార్చాం. మూడు నెలలు బాగుంది. మళ్లీ అదే "టక్". సెల్ఫ్ మోటారు విప్పి బుష్షులు, బ్రష్షులు మార్చాం. కొన్నాళ్లు నడిచింది. మళ్లీ బ్యాటరీలు. పద్నాలుగు నెలల్లో మూడు జతలు పోయాయి. అప్పట్లో ఒక జత ఖరీదు ఒక హెల్పరు నాలుగైదు నెలల జీతం. పైనుంచి కాగితం వచ్చింది: కారణం తేల్చండి, బాధ్యుణ్ణి చూపండి.

బాధ్యుణ్ణి చూపడం మనకు బాగా తెలిసిన పని. ఆ బండికి రోజూ బ్యాటరీ నీళ్లు చూసేది ఒక వర్క్‌చార్జ్‌డ్ హెల్పరు. నాకంటే ఎనిమిదేళ్లు చిన్నవాడు. వనపర్తి దిక్కు మనిషి. డిస్టిల్డ్ వాటరు స్టోరు నుంచి రావడం ఆలస్యమైన ఒక వారంలో అతను బోరు నీళ్లు పోశాడని ఎవరో అన్నారు. నేను అడిగాను. "కాచి చల్లార్చి పోసిన సారూ, ఒక్కపారే" అన్నాడు. ఒక్కసారి అని ఒప్పుకున్నాడు గనుక ఎప్పుడూ అదే చేసి ఉంటాడని నేను తీర్మానించాను. "డిస్టిల్డ్ వాటర్‌కు బదులు బోరు నీరు వాడినందువల్ల బ్యాటరీలు చెడిపోయినవి" అని రిపోర్టు రాసి సంతకం పెట్టాను. నెలకు 75 రూపాయల చొప్పున రికవరీ, ఒక ఇంక్రిమెంటు కోత, అదీ క్యుములేటివ్ ఎఫెక్టుతో. ఆ మాటకు అర్థం ఈ హాలులో ఎవరికీ చెప్పనక్కరలేదు. అతన్ని టిప్పర్ల సెక్షన్‌కు మార్చారు.

ఇక్కడ ఒక మాట. బోరు నీళ్లు బ్యాటరీకి చెరుపే, అందులో అనుమానం లేదు. మన నల్లగొండ నీళ్ల సంగతి లోకమంతా తెలుసు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడు తీసే పద్ధతికి నాగపూరు నీరీ సంస్థవారు మన జిల్లా పేరే పెట్టారు. ఫ్లోరైడు మన ఎముకలను తిన్నది. బ్యాటరీని తినేవి ముఖ్యంగా నీళ్లలోని ఇనుమూ, క్లోరైడూ. కాచినంత మాత్రాన అవి పోవు, కాస్త చిక్కబడతాయి కూడా. ఇప్పుడు మన ఇళ్లలో ఇన్వర్టర్లున్నాయి. వాటిలో కుళాయి నీళ్లూ, ఫిల్టరు నీళ్లూ పోయకండి. బ్యాటరీ నీళ్లని సీసాల్లో అమ్మేవే పోయండి. అయితే అలాంటి నీళ్లతో చెడ్డ బ్యాటరీకి ఒక లక్షణం ఉంటుంది. నిండుగా చార్జి చేసి, ఏ తీగా తగలకుండా పక్కన పెట్టినా తనలో తానే దిగిపోతుంది. ఈ సంగతి నాకు అప్పుడూ తెలుసు. తెలిసి కూడా చూడలేదు.

నాలుగో జత వేశాం. ఈసారి నీళ్లు నేనే నా చేతులతో పోశాను. రెండు నెలలు కాలేదు, మళ్లీ "టక్ టక్ టక్".

ఆ రోజు సాయంత్రం షిఫ్టు దిగాక డ్రైవరును ఆపి, ఫ్యూయల్ స్టాపు లాగి పెట్టి సెల్ఫు కొట్టమన్నాను. ఇంజను అంటుకోకుండా ఊరికే తిరగాలని. ఆ జతను వర్క్‌షాపులో నిండుగా చార్జి చేసి తెచ్చాం. సెల్ఫు తిరుగుతుండగా బ్యాటరీ బొడిపెల మీద మీటరు పెడితే 22 వోల్టులు. ఫరవాలేదు. అదే మీటరు సెల్ఫ్ మోటారు దగ్గర, దాని టెర్మినలుకూ దాని ఒంటికీ మధ్య పెడితే పదహారున్నర. అయిదున్నర వోల్టులు దారిలో ఎవరో తింటున్నారు. పాజిటివ్ వైరు పొడుగునా చూస్తే అర వోల్టు. అంత మామూలే. మిగిలిన అయిదు నెగటివ్ దిక్కున. అంటే బ్యాటరీ నుంచి ఛాసిస్‌కు పోయే ఎర్తు పట్టీ దిక్కున.

బండి కిందకు దూరి ఆ పట్టీ బిగించిన బోల్టు మీద చేయి పెట్టాను. చర్మం కాలింది. ఈ బొటనవేలి మీద మచ్చ ఇప్పటికీ ఉంది.

లెక్క చూడండి. సెల్ఫ్ మోటారు తిరిగేటప్పుడు ఆ దారిలో నాలుగు వందల ఆంపియర్లు పోతాయనుకుందాం. అయిదు వోల్టులు అక్కడ ఖర్చయితే రెండు వేల వాట్లు. మనం బకెట్లో ముంచి నీళ్లు కాచుకునే హీటరు కంటే ఎక్కువ. అంత వేడి ఒక్క బోల్టు కింద పుడుతోంది. మరి అక్కడున్న అడ్డు ఎంత? ఒక ఓములో ఎనభయ్యో వంతు. మామూలు మీటరుతో ఓములు కొలిస్తే సున్నా అని చూపుతుంది. నేను అంతకుముందు రెండుసార్లు అలాగే కొలిచి, సున్నా చూసి, ఎర్తు బాగుందని లాగ్ బుక్కులో రాశాను. ఇల్లు దాటని పిల్లకాలువకు గండి కనబడదు, వరద వస్తేనే కనబడుతుంది. ఎర్తు పట్టీ అంతే. భారం మీద ఉన్నప్పుడే కొలవాలి. మీటరు ఒక ముల్లు బ్యాటరీ నెగటివ్ బొడిపె మీద, రెండోది సెల్ఫ్ మోటారు ఒంటి మీద పెట్టి, సెల్ఫు కొట్టించి చూస్తే అర వోల్టు దాటకూడదు. ఈ ఒక్క పరీక్షకు అర నిమిషం చాలు. పద్నాలుగు నెలల్లో ఆ అర నిమిషం నేను పెట్టలేదు.

పానా పెట్టి బోల్టు విప్పాను. లగ్గు కింద నిగనిగలాడుతూ పసుపు రంగు పెయింటు.

ఆ పెయింటు ఎట్లా వచ్చిందంటే, 1985 మొదట్లో ఒక పెద్దమనిషి సైటు చూడడానికి వస్తున్నారంటే బండ్లన్నిటికీ రంగులు కొట్టించాం. వైర్లు ఊడదీసి, రంగు కొట్టి, మళ్లీ బిగించాం. రంగు కింద ఇనుము గీకకుండా లగ్గు పెట్టేస్తే, కరెంటుకు బోల్టు మరల సందు తప్ప దారి లేదు. వానాకాలం తేమకు ఆ మరలకూ తుప్పు పట్టింది. ఆ బండికి ఆ పట్టీ బిగించింది ఎవరో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. నేనే. పెద్దమనిషి రెండు గంటలకు వస్తారంటే పన్నెండున్నరకు హడావిడిగా బిగించాను.

బ్యాటరీలు ఎందుకు చచ్చాయో అప్పుడు తేటపడింది. రోజూ పొద్దున పది పన్నెండుసార్లు సెల్ఫు కొట్టడం వల్ల ఖాళీ అయ్యేవి. పగలు ఆల్టర్నేటర్ నింపుదామన్నా అదే బోల్టు దారిలో అడ్డం. తన దగ్గర 28 వోల్టులు ఉన్నాయి కదా అని రెగ్యులేటరు తృప్తిపడేది. బ్యాటరీకి అంత చేరేది కాదు. అర్ధాకలితో నెలల తరబడి ఉన్న ప్లేట్ల మీద తెల్లటి సల్ఫేటు గట్టిపడింది.

ఆ రాత్రి లాగ్ బుక్కు తీశాను. అందులో నా చేతివ్రాతలోనే అంతా ఉంది. హైడ్రోమీటరు రీడింగులు: పన్నెండు సెల్లులూ ఒకే తీరుగా 1.150, 1.160. మన వేడి ప్రాంతంలో నిండుగా ఉంటే 1.240 నుంచి 1.250 ఉండాలి. చెడ్డ నీళ్లు పడి ఉంటే ఒక సెల్లు ఎక్కువ, ఒక సెల్లు తక్కువ ఉంటాయి. అన్నీ కలిసికట్టుగా తక్కువ ఉన్నాయంటే వాటికి తిండి చాలలేదని అర్థం. ఇంకో పేజీలో, రెండో జతను వర్క్‌షాపులో చార్జి చేసి పది రోజులు పక్కన పెడితే 1.240 దగ్గరే నిలిచిందని రాసి ఉంది. బండి మీద పెట్టిన మూడు వారాలకు మళ్లీ పడిపోయిందనీ రాసి ఉంది. పక్కన పెడితే నిలుస్తోంది, బండి మీద పెడితే పడుతోంది. నీళ్ల తప్పు కాదని ఆ రెండు వరుసలే చెప్తున్నాయి. నేను రాశాను గాని చదవలేదు.

లగ్గు కింద ఎమరీ కాగితంతో తెల్ల ఇనుము వచ్చేదాకా రుద్ది, బిగించి, పైన గ్రీజు రాశాను. మరునాడు ఒక్క సెల్ఫుకే బండి లేచింది. ఆ జత మూడేళ్లకు పైగా నడిచింది.

బండి బాగు చేయడం ఒక్క సాయంత్రం పని. కాగితం బాగు చేయడమే కష్టమైంది. నిజం చెప్తున్నాను, పదకొండు రోజులు నేను ఎవరికీ చెప్పలేదు. ఆ నెలలోనే ఫోర్‌మన్ ప్రమోషన్ ప్యానెల్ ఉంది. మా ఇంటావిడ నా కాలిన వేలు చూసి ఏమైందని అడిగితే చెప్పాను. ఆమె "మరి ఆ పిల్లవాడి పైసలు కోస్తూనే ఉన్నారా?" అన్నది. అంతే. ఇంకేమీ అనలేదు. పన్నెండో రోజు రెండు పేజీలు రాసి పంపాను. నా రిపోర్టు తప్పు, పట్టీ బిగించింది నేను, రీడింగులు ఇవి, లాగ్ బుక్కు పేజీ నంబర్లు ఇవి అని.

నాకు ఒక సెన్షూరు పడింది, ప్రమోషన్ ఏడాది ఆలస్యమైంది. అది న్యాయమే. అతనికి అప్పటికే అయిదు నెలల రికవరీ, 375 రూపాయలు కోసి ఉన్నారు. ఆ పైసలు మరుసటి ఏడాది తిరిగి వచ్చాయి. ఇంక్రిమెంటు మాత్రం అంత సులభంగా రాలేదు. ఫైలు ఒక బల్ల మీది నుంచి ఇంకో బల్ల మీదికి తిరిగి తిరిగి 1990లో పునరుద్ధరించారు, నోషనల్‌గా. బకాయిలు లేవు. పెన్షన్ లెక్క సరిపోయింది గాని ఆ నాలుగేళ్ల డబ్బు రాలేదు. ఆ నాలుగేళ్లలో అతని చెల్లెలి పెళ్లి ఉంది.

ఉత్తరం పంపిన రోజు నేను టిప్పర్ల సెక్షన్‌కు పోయి అతనికి చెప్పాను. కోపం చేస్తాడనుకున్నాను. బీడీ ఆర్పి, "గా బోల్టు కాలుతదని నేను మొదలే జెప్పిన గద సారూ. చలికాలం పొద్దుగాల చేతులు గాచుకునేటోణ్ణి దానికి. మీరు నవ్విండ్రు" అన్నాడు. నాకు గుర్తుకొచ్చింది. చెప్పాడు. ఇంజను దగ్గరున్నవన్నీ కాలుతాయిరా అని నేను నవ్వాను. ఇంజను అంటుకోకముందే బోల్టు ఎందుకు కాలుతోందని నాకు తోచలేదు.

ఇప్పటి బండ్ల సంగతి కూడా కొంచెం చెప్పాలి, మన మనుమలు కొందరు ఆ పనిలోనే ఉన్నారు గనుక. 2021 ఏప్రిల్ నుంచి కొత్త పొగ నిబంధనలు వచ్చాక ఎక్స్‌కవేటర్లు, లోడర్లు చాలావరకు కంప్యూటరు ఇంజన్లే. ఇప్పుడు కరెంటు అందకపోతే ఇంజను ఆగుతుంది. సెల్ఫు కొట్టినప్పుడు వోల్టేజి బాగా పడిపోతే కంప్యూటరు తనను తానే ఆర్పుకుంటుంది. సెల్ఫు తిరుగుతూనే ఉంటుంది, ఇంజను అంటుకోదు, పిల్లలు డీజిల్ లైను విప్పుతారు.

రెండేళ్ల క్రితం మా వీధిలోని ఒక అబ్బాయి, మన జిల్లాలోనే ఒక క్వారీలో ఎక్స్‌కవేటరు చూసేవాడు, వచ్చి "తాతా, మూడు సెన్సార్లు మార్చినా కోడు పోతలేదు" అన్నాడు. తీరిక మనిషిని గదా, వెంట పోయాను. ఆ సెన్సార్లకు కంప్యూటరు ఇచ్చేది అయిదు వోల్టులే. ఒకే అయిదు వోల్టుల దారి మీద నాలుగైదు సెన్సార్లు బతుకుతాయి. ఒక దాని తీగ ఎక్కడో ఇనుముకు రాసుకొని ఒలిచిపోతే ఆ అయిదూ రెండుకు పడిపోతుంది, అన్ని సెన్సార్లూ తప్పులు చెప్తాయి. తెర మీద ఏ పేరు పడితే దాన్ని మార్చుకుంటూ పోయారు. నేను తాళం తిప్పించి, మీటరు పెట్టి, ఒక్కొక్క సెన్సారు ప్లగ్గు ఊడదీయించాను. అన్నీ ఊడదీసినా అయిదు రాలేదు. అంటే సెన్సార్లలో లేదు, తీగలో ఉంది. బ్రాకెట్టు కింద జుట్టు కట్టంత లావు వైర్ల కట్ట రాసుకొని ఒకచోట రాగి కనిపించింది. టేపు చుట్టి కట్ట పక్కకు జరిపితే అయిదు వచ్చింది, కోడు పోయింది. మంచి సెన్సార్లు మూడు స్టోరులో పడి ఉన్నాయి. ఆ కోడు చూసిన హెల్పరు మీద ఎవరైనా ఏమైనా రాశారా అని నేను అబ్బాయిని అడిగాను. లేదన్నాడు.

మరో మూడు జాగ్రత్తలు. ఆ సన్నని వైర్ల మీద పాతకాలపు బల్బు టెస్టర్ పెట్టకండి, కంప్యూటరు పోతుంది. బకెట్‌కు వెల్డింగు చేసేటప్పుడు బ్యాటరీ వైర్లు ఊడదీయండి. బ్యాటరీ దగ్గర బీడీ వద్దు. చార్జి అయ్యేటప్పుడు వచ్చే గాలి అంటుకుంటుంది, కళ్లు పోయినవాళ్లను చూశాను.

నాకిప్పుడు 78 నడుస్తోంది. మూడో వరుసలోని ఆయన 2013లో రిటైరయ్యారు. ఇద్దరం ఒకే బ్యాంకులో పెన్షన్ తీసుకుంటాం, నవంబరులో లైఫ్ సర్టిఫికెట్టుకు కలిసే పోతాం. ఆయన నన్ను ఇప్పుడు సార్ అనడం మానేసి అన్నా అంటున్నారు. ఈ ప్రసంగం రాసి నిన్న ఆయనకు వినిపించాను. చెల్లెలి పెళ్లి మాట తీసేయమన్నారు. నేను తీయలేదు, ఆయన క్షమించాలి.

మన సంఘం హాలు ఇన్వర్టరు పది నిమిషాలకే ఆగిపోతోందని, కొత్త బ్యాటరీకి చందా వేద్దామని కార్యదర్శిగారు ఇందాక ప్రకటించారు. చందా రసీదులు రాయకముందు నాకు పావుగంట ఇవ్వండి. మీటరు సంచిలో తెచ్చాను. టీ వచ్చిందంటున్నారు.